పాత సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లు మళ్లీ చూడబోతున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎప్పుడో చూసి మనసు పారేసుకున్న సిరీస్‌ని మళ్లీ చూడాలనుకునేవాళ్లకీ, పేరు విని ఇప్పుడే మొదటిసారి చూడబోతున్నవాళ్లకీ వచ్చే సందేహాలు ఇంచుమించు ఒకటే. స్టార్ ట్రెక్, డాక్టర్ హూ, ది ట్విలైట్ జోన్, బాబిలోన్ 5 లాంటివి మళ్లీ మళ్లీ చూసే అభిమానిగా నాకు తోచిన జవాబులు ఇవి. కథల ముగింపులు ఎక్కడా బయటపెట్టలేదు. ఒక ఎపిసోడ్ చివరి భాగం గురించి చెప్పాల్సి వచ్చిన చోట ముందే హెచ్చరిక ఉంది.

ఇన్ని కొత్త సిరీస్‌లు ఉండగా అరవై ఏళ్ల కిందటివి చూడ్డం దేనికి?

పాతవైనంత మాత్రాన గొప్పవి కావు. చప్పగా సాగేవి వాటిలోనూ బోలెడున్నాయి. కానీ ఆ రోజుల్లో డబ్బు తక్కువ, టైమ్ తక్కువ. అరగంటలోనో గంటలోనో కథ కంచికి చేరిపోవాలి. దాంతో భారమంతా రచన మీద, నటుల మొహాల మీద పడింది. అది బాగా కుదిరిన చోట ఇప్పటికీ వాడిగానే ఉంటుంది.

1960 మార్చిలో వచ్చిన ట్విలైట్ జోన్ ఎపిసోడ్ ‘ది మాన్‌స్టర్స్ ఆర్ డ్యూ ఆన్ మేపుల్ స్ట్రీట్’ చూడండి. ఒక వీధి, కొందరు ఇరుగుపొరుగువాళ్లు, కరెంటు పోయిన ఒక సాయంత్రం. అంతే సరంజామా. మొదటిసారి చూసేటప్పుడు ‘తర్వాత ఏమవుతుంది’ అన్న ఆత్రమే ఉంటుంది. రెండోసారి చూస్తే వేరే సంగతి కంటపడుతుంది. గ్రహాంతరవాసులు మనుషుల వేషంలో ముందే వచ్చి ఉంటారని మొదట అన్నది ఒక పిల్లాడు. వాడు ఎక్కడో చదివిన కథ చెబుతాడు. పెద్దవాళ్లు నవ్వేస్తారు. కాసేపటికి ఆ కథే పట్టుకుని ఒకళ్లనొకళ్లు అనుమానంగా చూసుకోవడం మొదలెడతారు. నవ్విన మొహాల్లో ఏది ముందు మారింది, ఎవరు ఎవరి వెనక్కి వెళ్లి నిలబడ్డారు అన్నవి ముగింపు తెలిసినవాళ్లకే కనిపిస్తాయి. ఈ ఎపిసోడ్ రాసింది రాడ్ సెర్లింగ్. సిరీస్ మొత్తం 156 ఎపిసోడ్లలో 92 ఆయన రాసినవే.

మొదటి ఎపిసోడ్ నుంచే మొదలుపెట్టాలా?

ఒక్కో సిరీస్‌కి ఒక్కో జవాబు.

1966 నాటి స్టార్ ట్రెక్‌కి అక్కర్లేదు. ఏ ఎపిసోడ్ కథ దానిదే. ‘బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్’, ‘ది డెవిల్ ఇన్ ది డార్క్’, ‘ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్’ ఈ మూడూ చూసి, కెప్టెన్ కిర్క్, అతని సహాయాధికారి స్పాక్, డాక్టర్ మెకాయ్‌ల తీరు వంటబట్టాక వెనక్కి వెళ్లండి. అన్నీ మొదటి సీజన్‌లోనివే.

డాక్టర్ హూ విషయంలో 1963 నవంబర్ 23న ప్రసారమైన మొట్టమొదటి ఎపిసోడ్ తప్పకుండా చూడాలి. పాత సామాన్ల యార్డులో ఒక పోలీస్ బాక్స్ (అప్పటి లండన్ వీధుల్లో ఉండే టెలిఫోన్ గూడు), దాని లోపల బయటికంటే పెద్ద గది. అదే డాక్టర్ కాలంలో తిరిగే ఓడ, టార్డిస్. పాతిక నిమిషాల్లో అంత చక్కటి ఆరంభం అరుదు. దాని తర్వాత రాతియుగంలో నడిచే మూడు భాగాలూ నిదానంగా సాగుతాయి. అక్కడ ఓపిక తగ్గితే నేరుగా డాలెక్‌ల (లోహపు కవచంలో తిరిగే శత్రు జీవులు) కథకి వెళ్లిపోండి, నష్టమేమీ లేదు. ముందు రంగుల్లోనే చూస్తానంటే 1979లో ప్యారిస్‌లో తీసిన ‘సిటీ ఆఫ్ డెత్’ మంచి ప్రవేశం. దాని రచనలో డగ్లస్ ఆడమ్స్ చెయ్యి ఉంది, చమత్కారం మాట మాటలో తెలుస్తుంది.

స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్ నిలదొక్కుకున్నది మూడో సీజన్ నుంచి. రెండో సీజన్‌లోని ‘ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్’ మాత్రం వదలకండి. ఆండ్రాయిడ్ అయిన డేటా ఒకరి సొత్తా, లేక తన మీద తనకు హక్కున్నవాడా అని కోర్టులో తేల్చే కథ అది.

బాబిలోన్ 5 అయితే వరుసగా చూడాల్సిందే, వేరే దారి లేదు.

ఏ వరుసలో చూడాలి? ఒక్కో చోట ఒక్కో లిస్టు కనిపిస్తోంది.

చిత్రీకరించిన వరుస వేరు, ప్రసారమైన వరుస వేరు కావడమే ఈ గందరగోళానికి కారణం. స్టార్ ట్రెక్‌లో మొదట ప్రసారమైంది ‘ది మ్యాన్ ట్రాప్’, 1966 సెప్టెంబర్ 8న. కానీ రెండో పైలట్‌గా (ఛానెల్‌కి చూపించే నమూనా ఎపిసోడ్‌గా) ముందే తీసిన ‘వేర్ నో మ్యాన్ హ్యాజ్ గాన్ బిఫోర్’ మూడోదిగా వచ్చింది. అందుకే అందులో యూనిఫారాలు వేరుగా ఉంటాయి, డాక్టర్ మెకాయ్ ఉండడు, స్పాక్ గొంతు పెంచి మాట్లాడతాడు. దాన్నే ముందు చూస్తే ఇవేవీ వింతగా అనిపించవు.

ఫైర్‌ఫ్లై (2002)కి మరీ అన్యాయం జరిగింది. పాత్రలందరినీ పరిచయం చేసే రెండు గంటల పైలట్‌ను ఛానెల్ ఆ ఏడాది డిసెంబర్‌లో, అన్నిటికంటే చివర వేసింది. తీసిన 14 ఎపిసోడ్లలో 11 మాత్రమే అప్పుడు ప్రసారమయ్యాయి. డిస్కుల్లో ఉన్న వరుసే సరైనది.

17 ఎపిసోడ్ల ది ప్రిజనర్‌కి మొదటిదీ, చివరి రెండూ కదపడానికి వీల్లేదు. మధ్యవాటి వరుస గురించి అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. మొదటిసారి ప్రసారమైన వరుసలోనే చూడండి. రెండోసారి మీకు నచ్చినట్టు మార్చుకోవచ్చు, అదో సరదా.

రోజుకి ఎన్ని ఎపిసోడ్లు చూడొచ్చు?

ఒకటి. మరీ ఆగలేకపోతే రెండు. పాత సిరీస్‌లు మళ్లీ చూసేవాళ్లకి నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే. చాలామందికి ఈ సిరీస్‌లు ‘బోర్’ కొట్టడానికి అసలు కారణం సిరీస్ కాదు, చూసే వేగం.

డాక్టర్ హూ ఒక్కో భాగం పాతిక నిమిషాలు, వారానికి ఒకటి. వారం కిందట ఏమైందో మర్చిపోయిన ప్రేక్షకుడి కోసం ముందు భాగంలోని ఆఖరి సన్నివేశం మళ్లీ చూపిస్తారు, పాత్రలు జరిగిందాన్ని మళ్లీ చెప్పుకుంటాయి. ఆరు భాగాల కథలో అయితే పట్టుబడటం, తప్పించుకోవడం, మళ్లీ పట్టుబడటం. ఒకే రాత్రి ఆరూ చూస్తే తిరిగిన చోటే తిరుగుతున్నట్టుంటుంది. అదే కథని రోజుకో భాగం చొప్పున చూస్తే, భాగం చివర తలుపు వెనక నుంచి వచ్చే ఆ చెయ్యి ఎవరిదా అని మర్నాటిదాకా బుర్ర తొలుస్తుంది. ఆ ఎదురుచూపు కోసమే ఆ కథని అలా కట్టారు.

నెక్స్ట్ జనరేషన్‌ది మరో తీరు. అమెరికాలో దాన్ని ఒకే ఛానెల్‌కి కాకుండా దేశమంతటా ఉన్న స్థానిక స్టేషన్లకి అమ్మేవారు. పునఃప్రసారాల్లో ఎపిసోడ్లు ఏ వరుసలో పడ్డా అర్థం కావాలి. కాబట్టి ప్రతి కథా దాదాపు ఎక్కడ మొదలైందో అక్కడికే తిరిగి చేరాలి. 1992లో వచ్చిన ‘ది ఇన్నర్ లైట్’లో కెప్టెన్ పికార్డ్ కొద్ది నిమిషాల్లో ఒక నిండు జీవితం బతుకుతాడు. భార్య, పిల్లలు, ముసలితనం, ఒక వేణువు. తర్వాతి ఎపిసోడ్‌లో ఆ బరువేమీ లేకుండా మామూలుగా డ్యూటీలో ఉంటాడు. వెంటనే ‘నెక్స్ట్’ నొక్కారంటే, చూసిన కథ మీ మనసులో కూడా అంత తేలిగ్గానే చెరిగిపోతుంది. ఆ రాత్రికి టీవీ కట్టేయండి.

సెట్లు, గ్రాఫిక్స్ చూస్తే నవ్వొస్తోంది. ఏం చేయాలి?

నవ్వండి, తప్పేం లేదు. మెకాయ్ చేతిలోని వైద్య పరికరాల్లో కొన్ని నిజంగానే ఉప్పు డబ్బాలు. భవిష్యత్తు వస్తువుల్లా కనిపిస్తాయని కొన్నవి అవి. తలుపులు వాటంతటవే తెరుచుకోవు, వెనక నుంచి మనుషులు లాగేవారు. వారం వారం ఓడని గ్రహం మీద దింపి చూపించడానికి డబ్బు సరిపోదని తెలిశాకే, మనిషిని మెరుపులా మాయం చేసి దించే ట్రాన్స్‌పోర్టర్ పుట్టింది. ఇప్పుడది స్టార్ ట్రెక్‌కే గుర్తు.

బ్రిటన్‌లో పరిస్థితి ఇంకా ఇరుకు. డాక్టర్ హూకి మొదట ఖాయమైనవి 13 ఎపిసోడ్లు. నాలుగు భాగాలది ఒక కథ, ఏడు భాగాలది ఇంకో కథ పోగా రెండు మిగిలాయి. కొత్త సెట్లు లేవు, కొత్త నటులు లేరు. దాంతో 1964 ఫిబ్రవరిలో ‘ది ఎడ్జ్ ఆఫ్ డిస్ట్రక్షన్’ అని, టార్డిస్ లోపలే, డాక్టర్, అతనితో ఉన్న ముగ్గురు, ఆ నలుగురితోనే కథ నడిపించేశారు. నలుగురూ ఒకరి మీద ఒకరు అనుమానపడతారు, మాటలు తూలతారు. డాక్టర్ తన ఓడలోని మనుషులకి క్షమాపణ చెప్పుకోవడం నేర్చుకునేది అక్కడే. నటులు మారుతూ ఆ తర్వాత వచ్చిన డాక్టర్‌లందరి మంచితనానికీ బీజం ఈ చౌక కథలో ఉందని నా నమ్మకం.

డాలెక్‌నే తీసుకోండి. వేషం వేసుకున్న మనిషిలా కనిపించకూడదని రచయిత టెర్రీ నేషన్ కోరిక. డిజైనర్ రేమండ్ క్యూసిక్ కాళ్లే లేని ఆకారం గీశారు. లోపల ఒక నటుడు కూర్చుని పాదాలతో నెట్టుకుంటూ నడిపేవాడు. ఆ జారుడు నడకే ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది.

ఇక ‘బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్’ సంగతి. (ఇంకా చూడకపోతే ఈ పేరా వదిలేయండి.) రెండు ఓడలు, రెండు ఇరుకు గదులు, ఒకరికొకరు కనిపించని ఇద్దరు కెప్టెన్లు. ఎపిసోడ్ ఒక పెళ్లితో మొదలవుతుంది. కిర్క్ మంత్రాలు మొదలుపెట్టేలోపే అలారం మోగి పెళ్లి ఆగిపోతుంది. యుద్ధమంతా అయ్యాక ఎంటర్‌ప్రైజ్‌లో చనిపోయింది ఒక్కడే, ఆ పెళ్లికొడుకు. ఈ సిరీస్‌లో కూరలో కరివేపాకులా తీసి పక్కనపెట్టే సిబ్బంది పాత్రలు ఎన్నో. ఇక్కడ మాత్రం ఆ ఒక్క చావునీ లెక్కలోకి తీసుకున్నారు. కిర్క్ ఖాళీ ప్రార్థన గదిలో ఆ అమ్మాయిని ఓదార్చి, ఏమీ అనకుండా కారిడార్‌లోకి నడుస్తాడు. శత్రు కెప్టెన్‌గా మార్క్ లెనార్డ్ మొహంలోని అలసటని కూడా గమనించండి. గెలవాలన్న కసి కాదది, ఇంటికి చేరాలన్న కోరిక. ఓడ బొమ్మ ఎంత నాసిగా ఉందో ఆ సమయంలో ఎవరికీ గుర్తుండదు.

పాత ఎఫెక్ట్స్‌తో చూడాలా, రీమాస్టర్ చేసింది చూడాలా?

‘రీమాస్టర్’ అన్న ఒకే పేరుతో రెండు వేర్వేరు పనులు జరిగాయి. వాటిని విడదీసి చూడాలి.

2006లో పాత స్టార్ ట్రెక్‌కి బొమ్మని శుభ్రం చేయడంతో పాటు ఓడలు, గ్రహాల షాట్లని కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో మార్చేశారు. బాగానే ఉన్నాయి కానీ, 1966 నాటి వెలుతురులో తీసిన మనుషుల పక్కన అవి అతికినట్టుండవు. నా ఓటు పాతవాటికే. బ్లూ-రే డిస్కుల్లో రెండూ ఇచ్చారు, ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చు.

నెక్స్ట్ జనరేషన్‌కి జరిగింది నిజమైన పునరుద్ధరణ. దాన్ని 35 ఎంఎం ఫిల్మ్ మీదే తీశారు కానీ ఎడిటింగ్, ఎఫెక్ట్స్ వీడియో టేపు మీద చేశారు. అందుకే టీవీలో మసకగా కనిపించేది. 2012 నుంచి బ్లూ-రే కోసం అసలు నెగెటివ్‌లు వెతికి తీసి, షాట్ షాట్ మళ్లీ కూర్చారు. దాన్ని కళ్లు మూసుకుని ఎంచుకోండి. ఆ తర్వాతి స్టార్ ట్రెక్ సిరీస్‌లు డీప్ స్పేస్ నైన్‌కీ, వోయెజర్‌కీ మొత్తంగా ఆ భాగ్యం దక్కలేదు. వాటిని ఉన్న క్వాలిటీలోనే చూడాలి, చూడదగ్గవి కూడా.

స్క్రీన్‌కి రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తున్నాయి. జూమ్ చేయనా?

వద్దు. ఆ బొమ్మ కొలతే అంత. జూమ్ చేస్తే తలలు తెగుతాయి. దీనికి మంచి పాఠం బాబిలోన్ 5. నటుల దృశ్యాలు వెడల్పు తెరకి కూడా పనికొచ్చేలా ఫిల్మ్ మీద తీశారు, గ్రాఫిక్స్ మాత్రం చదరపు తెరకే చేశారు. డీవీడీలకి వెడల్పుగా మార్చినప్పుడు గ్రాఫిక్స్ ఉన్న ప్రతి షాట్‌నీ పైనా కిందా కత్తిరించాల్సి వచ్చింది, మసకబారింది కూడా. 2021లో వచ్చిన కొత్త ప్రింట్‌లో మళ్లీ పాత కొలతకే తెచ్చారు. దొరికితే అదే చూడండి.

డాక్టర్ హూలో కొన్ని ఎపిసోడ్లు లేవంటున్నారు. నిజమేనా?

నిజం. 1960లలో వచ్చినవాటిలో తొంభైకి పైగా ఎపిసోడ్లు ఇప్పుడు లేవు. వీడియో టేపు ఖరీదైన వస్తువు, చెరిపేసి మళ్లీ వాడుకునేవారు. పునఃప్రసారాల మీద ఒప్పందాల పరిమితులు ఉండేవి. ఇళ్లలో వీడియో ప్లేయర్లు లేవు కాబట్టి, ఒకసారి వేసిన కార్యక్రమానికి మళ్లీ విలువ ఉంటుందని దాన్ని తీసిన బీబీసీ అనుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే గుండె తరుక్కుపోతుంది. డాక్టర్ పాత్రలో విలియం హార్ట్‌నెల్ వెళ్లిపోయి పాట్రిక్ ట్రౌటన్ వచ్చిన 1966 అక్టోబర్ నాటి ఎపిసోడ్ కూడా పోయింది. ఆ మారే కొన్ని క్షణాల ముక్క మాత్రం మిగిలింది.

అయితే, పోయిన ప్రతి ఎపిసోడ్‌కీ శబ్దం ఉంది! టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టుకుని ఇంట్లో రికార్డు చేసుకున్న అభిమానుల పుణ్యమది. ఆ శబ్దానికి యానిమేషన్ జోడించి కొన్ని కథలని తిరిగి నిలబెట్టారు. 2016లో వచ్చిన ‘ది పవర్ ఆఫ్ ది డాలెక్స్’ వాటిలో ఒకటి. విదేశాలకి అమ్మిన ఫిల్మ్ కాపీలు కూడా అప్పుడప్పుడూ బయటపడుతుంటాయి. 1991 చివర్లో ‘ది టూంబ్ ఆఫ్ ది సైబర్‌మెన్’ నాలుగు భాగాలూ హాంకాంగ్ నుంచి తిరిగొచ్చాయి. నైజీరియాలో తొమ్మిది ఎపిసోడ్లు దొరికాయని 2013లో ప్రకటించారు. దానివల్ల ‘ది ఎనిమీ ఆఫ్ ది వరల్డ్’ పూర్తయింది, ‘ది వెబ్ ఆఫ్ ఫియర్’ ఒక్క భాగం తక్కువగా చేతికొచ్చింది.

లేనివాటిని దాటేయకండి. దీపం తగ్గించుకుని హెడ్‌ఫోన్స్‌తో శబ్దం మాత్రం వింటే వాటి రుచి వేరు.

ఆడవాళ్లని చూపించిన తీరు ఇబ్బందిగా ఉంది. అభిమానులు దీన్ని ఎలా సర్దుకుంటారు?

సర్దుకోవాల్సిన పని లేదు, ఉన్నది ఉన్నట్టు చూడాలి. స్టార్ ట్రెక్ మొదటి పైలట్ ‘ది కేజ్’లో ఓడలో కెప్టెన్ తర్వాతి స్థానం ఒక స్త్రీది. సిరీస్‌కి వచ్చేసరికి ఆ పాత్ర లేదు. 1969 జూన్ 3న వచ్చిన ఆఖరి ఎపిసోడ్‌లో, స్త్రీలకి స్టార్‌షిప్ కెప్టెన్ల లోకంలో చోటు లేదన్న మాట వినిపిస్తుంది. అన్ని జాతులూ కలిసి బతికే భవిష్యత్తుని ఊహించినవాళ్లకి ఆ ఒక్క అడుగు పడలేదు. దాన్ని వెనకేసుకురావడం నాకు చేతకాదు.

అదే ఓడలో సందేశాలు చూసుకునే అధికారి ఉహూరా కూడా ఉంది. మొదటి సీజన్ తర్వాత ఆ పాత్ర వేసిన నిషెల్ నికోల్స్ మానేద్దామనుకున్నప్పుడు, మానొద్దని చెప్పింది మార్టిన్ లూథర్ కింగ్. ఆ స్థానంలో ఒక నల్లజాతి స్త్రీ కనిపించడం ఎంత ముఖ్యమో ఆయనకి తెలుసు. తర్వాత ఆమె నాసా కోసం స్త్రీలనీ, అల్పసంఖ్యాక వర్గాలవారినీ వ్యోమగాములుగా చేరమని ప్రచారం చేశారు. ఉహూరాని చూస్తూ పెరిగిన మే జెమిసన్ 1992లో అంతరిక్షంలోకి వెళ్లి, మరుసటి ఏడాది నెక్స్ట్ జనరేషన్‌లో ఒక చిన్న పాత్రలో కనిపించారు. ఆ ఎపిసోడ్ ‘సెకండ్ ఛాన్సెస్’.

మళ్లీ చూసేటప్పుడు ఉహూరా ఉన్న ప్రతి సన్నివేశంలో ఆమెకి ఎన్ని డైలాగులు ఇచ్చారో గమనించండి. చాలాసార్లు ఒకటో రెండో. అయినా ఆ కుర్చీలో ఆమె కూర్చునే పద్ధతి చూస్తే, ఓడలో అందరికంటే ముందు అన్నీ వినేది తనేనని తెలిసిపోతుంది.

బాగోలేని ఎపిసోడ్లు వదిలేయొచ్చా?

నిక్షేపంగా. నెక్స్ట్ జనరేషన్ రెండో సీజన్ చివరి ఎపిసోడ్ ‘షేడ్స్ ఆఫ్ గ్రే’ చాలావరకు పాత క్లిప్పుల కలగూర. 1988 రచయితల సమ్మె దెబ్బ ఆ సీజన్ మీద గట్టిగానే పడింది. ‘స్పాక్స్ బ్రెయిన్’ని మాత్రం ఒకసారి చూడండి, నలుగురు కలిసి కూర్చుంటే భలే కాలక్షేపం.

చిన్నప్పుడు ప్రాణంగా చూసింది ఇప్పుడు నచ్చకపోతే?

కొన్ని నచ్చవు. స్పేస్: 1999లో చంద్రుడు కక్ష్య తప్పి నక్షత్రాల మధ్య తిరుగుతాడన్న ఊహ పిల్లలకి అద్భుతం. పెద్దయ్యాక సైన్స్ లెక్కలు అడ్డొస్తాయి. అప్పుడు కథ వదిలేసి ఈగిల్ నౌకల నమూనాలు చూడండి, ఆ పనితనం ఇప్పటికీ ముచ్చటగొలుపుతుంది.

దీనికి తలకిందులుగా జరిగేది కూడా ఉంది. అప్పుడు అర్థం కానిది ఇప్పుడు పట్టేస్తుంది. బాబిలోన్ 5లో రెండు శత్రు జాతుల రాయబారులు లోండో, జీకార్ ఇద్దరూ మొదట్లో తిట్టుకుంటూ నవ్వించే జంటలా అనిపిస్తారు. తనకి ఎలాంటి చావు రాబోతోందో లోండో 1994 నాటి తొలి ఎపిసోడ్‌లోనే చెప్పేస్తాడు, జీకార్ చేతులు తన గొంతు మీద ఉంటాయని. మొదటిసారి ఎవరూ పట్టించుకోరు. అంతా తెలిసి మళ్లీ చూస్తే అతని ప్రతి జోకు వెనకా ఆ భయం వినిపిస్తుంది. 110 ఎపిసోడ్లలో 92 సిరీస్ సృష్టికర్త స్ట్రజిన్‌స్కీ ఒక్కడే రాశాడు కాబట్టే అంత దూరపు ముడి వేయగలిగాడు.

బ్లాక్ అండ్ వైట్ అంటే ఓపిక ఉండటం లేదు.

1961 నాటి ట్విలైట్ జోన్ ఎపిసోడ్ ‘ది ఇన్వేడర్స్’ చూడండి. ఆగ్నెస్ మూర్‌హెడ్ ఒక్కరే, దాదాపు మాటలే లేవు. పది నిమిషాల్లో రంగుల సంగతి మర్చిపోతారు.

కొత్తగా చూసేవాళ్లతో కలిసి చూస్తున్నాను. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

‘ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు’ అనకండి. తెర వెనక విశేషాలన్నీ ఎపిసోడ్ అయ్యాక చెప్పండి. బ్లేక్స్ 7 అయితే 1981 డిసెంబర్‌లో వచ్చిన చివరి ఎపిసోడ్ గురించి ఒక్క ముక్క కూడా పొక్కనివ్వొద్దు. 52 ఎపిసోడ్ల ప్రయాణం అంతా అక్కడికే.

పిల్లలతో అయితే ‘ది డెవిల్ ఇన్ ది డార్క్’ మొదట పెట్టండి. గనిలో మనుషుల్ని చంపుతున్న రాయిలాంటి జీవి ఎందుకలా చేస్తోందో తెలిసే క్షణంలో పిల్లలు వైపు మార్చేస్తారు. ఎపిసోడ్ తర్వాత వాళ్లు అడిగే ప్రశ్నలకి టైమ్ ఉంచుకోండి.

కొత్త వెర్షన్ ముందు చూడాలా, పాతదా?

బ్యాటిల్‌స్టార్ గెలాక్టికాకి 2003 మినీ సిరీస్‌తో మొదలయ్యేదే ముందు చూడండి, 1978 నాటిది ఆ తర్వాత. డాక్టర్ హూకి కూడా 2005 నుంచి మొదలెట్టి వెనక్కి వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు, ఏ ఇబ్బందీ రాదు. స్టార్ ట్రెక్‌కి మాత్రం పాతదే ముందు.

పేరున్నవన్నీ అయిపోయాయి. ఇంకేం చూడాలి?

ఇంగ్లీషు దాటి వెళ్లండి. పశ్చిమ జర్మనీలో ‘రౌమ్‌పాట్రుల్యె ఓరియన్’ 1966 సెప్టెంబర్ 17న మొదలైంది, స్టార్ ట్రెక్ వచ్చిన తొమ్మిది రోజులకి. రెండు జట్లకీ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే రెండు ఓడలు బయల్దేరాయి. ఏడే ఎపిసోడ్లు. కంట్రోల్ ప్యానెల్‌లో ఇస్త్రీ పెట్టె భాగాలు అమర్చారు, కనిపెట్టండి. అదే ఏడాది జులైలో జపాన్‌లో అల్ట్రామ్యాన్ మొదలైంది. ఇంకా వెనక్కి పోవాలంటే బీబీసీ 1953లో లైవ్‌గా ప్రసారం చేసిన ‘ది క్వాటర్‌మాస్ ఎక్స్‌పెరిమెంట్’ ఉంది. ఆరు భాగాల్లో మొదటి రెండే మిగిలాయి. రెండో భాగం చివరికి వచ్చేసరికి మూడోది కావాలనిపిస్తుంది, అది లేదని తెలిసే మొదలుపెట్టండి.